గీత కిందికి దిగిన ఏడాది

పద్నాలుగేండ్ల సంది ఒక అబద్ధాన్ని మోస్తున్న. పెద్దదేం కాదు, రెండక్షరాలది. "పోలే." ఒకామె నన్ను సూటిగ అడిగిన ప్రశ్నకు నేను చెప్పిన జవాబు అది. ఆమె నమ్మింది. నమ్మకుండ నన్ను నాలుగు మాటలు అని పోయినా బాగుండేది. నమ్మింది కాబట్టే అది ఇంకా నా దగ్గర్నే ఉండిపోయింది.

నా పేరు చెప్పను. చెప్తే మీకు ఒరిగేదేం లేదు, నా పిల్లలు తల దించుకోవాలె. అదొక్కటి దాచుకోనియ్యండి. మిగిలినదేదీ దాచను. మీరెవరో నాకు తెల్వదు. తెల్వదు కాబట్టే చెప్పగలుగుతున్న. తెలిసిన మొఖాల ముందర ఈ మాట ఎన్నోసార్లు నోటిదాక వచ్చి మళ్ళ కడుపులకే పోయింది.

దొంగతనం చెయ్యలే. ఎవర్నీ కొట్టలే. ఒక గ్రాఫు గీసిన. దాని కింద నాలుగు వాక్యాలు రాసిన. అంతే. ఈ "అంతే" అనే మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్ననో. చెప్పుకున్నప్పుడల్ల ఒక గడియ నిమ్మళంగ ఉంటది. మళ్ళ మొదలైతది.

సూర్యాపేటల ఒక చిన్న సర్కారు ఆఫీసు. దాంట్ల నేను లెక్కల గుమాస్తాను, టెంపరరీ మీద. తల్లీపిల్లల బాగోగులు చూసే పథకం ఒకటి అప్పుడు నడుస్తుండె. మూడు దిక్కుల మూడు కేంద్రాలు. ఒకటి మోతె దిక్కు, ఒకటి కోదాడ దిక్కు, ఒకటి మిర్యాలగూడ దిక్కు. కేంద్రానికి ఒక నర్సమ్మ, ఆమె కింద కొన్ని ఊర్లు. నెల కాగానే వాండ్ల రిజిస్టర్ల నకళ్ళు నా బల్ల మీదికి వస్తుండె. ఎంతమంది పుట్టిండ్రు, పుట్టినోళ్ళల్ల నెల తిరగకముందే ఎంతమంది పోయిండ్రు. ఆ లెక్కను నేను గళ్ళ కాగితం మీదికి ఎక్కించాలె.

ఆ పని నాకు పానం. నేను ఉర్దూల చదువుకున్నోణ్ణి. తెలుగుల నాలుగు వాక్యాలు తప్పు లేకుండ రాసుడు పెద్దయినంక, కిందా మీదా పడి నేర్చుకున్న. మాటలంటే భయం ఉండె గాని గీతలంటే లేకుండె. నల్లసిరా, ఎర్రసిరా, పచ్చసిరా, మంచి స్కేలు ఒకటి. గీత గీస్తుంటే నా చెయ్యి వణకకపోయేది. నేను గీసిన పటాన్ని గోడకు కొట్టినంక దూరం పోయి నిలబడి చూసుకుంటుండె, పెండ్లిపిల్లను చూసుకున్నట్టు.

హైదరాబాదుల కొన్ని వారాలు శిక్షణ ఇచ్చిండ్రు. పాఠం చెప్పిన ముసలాయన గ్రాఫును చదివే తీరు నేర్పిండు. ముందు గీత ఎటు పోతున్నదో చెప్పాలె: పెరుగుతున్నదా, తగ్గుతున్నదా, ఉన్నకాడ్నే ఉన్నదా. ఎక్కడ ఎక్కువ లేసింది, ఎక్కడ ఎక్కువ పడింది. తర్వాత ఒకదాన్నొకటి పోల్చాలె: ఏది పెద్దది, ఎన్ని రెట్లు. ఆఖరుకు ఒక మాట చెప్పిండు. పోల్చేముందు రెండూ ఒక్క కొలతతోనే కొలిచినవా కాదా చూసుకోవాలె, ఒక షావుకారు వడ్లు పెద్ద మానికతోని కొలిచి ఇంకో షావుకారు చిన్న సోలతోని కొలిస్తే ఎవరి గిర్ని మిల్లుకు ఎక్కువ వచ్చినయో గ్రాఫు గీసి ఏం లాభం అని. అందరం నవ్వినం. నేను రాసుకున్న గుడ. ఇది మీకెందుకు చెప్తున్ననంటే, తెల్వక చేసిండు పాపం అని మీరు అనుకోవద్దు.

ఇంకో సంగతి గుడ నాకు తొందరగనే సమజైంది. పటంల ఉన్న స్తంభాలను ఎవరూ నిదానంగ చూడరు. కింద రాసిన వాక్యాలే చదువుతరు. ఊర్ల పెద్దమనుషులే కాదు, పై ఆఫీసర్లు గుడ అంతే. ఏది పెరిగింది, ఏది తగ్గింది, ఎవరు ముందు, ఎవరు వెనుక అని నేను ఏది రాస్తే అదే ఖాయం. పుల్ల పట్టుకొని గోడ పక్కన నిలబడి నేను చెప్తుంటే చదువురానోళ్ళు గుడ తల ఊపేటోళ్ళు. అది నాకు బాగనిపించింది. దాచుడెందుకు, చానా బాగనిపించింది.

మోతె దిక్కు కేంద్రం నర్సమ్మ పేరు సుందరమ్మ. గుంటూరు దిక్కునుంచి వచ్చినామె. పొట్టిగ, సన్నగ ఉండేది. భుజానికి ఒక గుడ్డసంచి, దాంట్ల ఒక రేకుడబ్బ. డబ్బల కొత్త బ్లేడు, మరగబెట్టి ఆరబెట్టిన దారం. ఎండయినా వానయినా నడిచి ఇల్లిల్లు తిరిగేది.

మా ఇంటామె పుట్టిల్లు ఆమె కింది ఊర్లల్ల ఒకటి. తొలికాన్పుకు అక్కడికే పోయింది. నా బిడ్డ సుందరమ్మ చేతులల్లనే పుట్టింది. మా అత్త ఎప్పటి లెక్కనే బొడ్డు కొయ్యనీకి కొడవలి తెచ్చి పెట్టిందట. సుందరమ్మ ఆ కొడవలిని అవతల పెట్టించి, తన డబ్బల బ్లేడు తీసిందట. బొడ్డు మీద బూడిద గాని పేడ గాని పెట్టనియ్యలేదట. ఎక్కడిదో ఈమె, మా ఇంట్ల ఈమె పెత్తనం ఏందని మా అత్త గులుగుకుంటనే ఉన్నదట. సుందరమ్మ అదేం పట్టించుకోకుండ ఎనిమిది రోజులు వరుసగ వచ్చి చూసిపోయింది. తొమ్మిదో రోజు మా అత్తనే ఆమెకు పీట వేసింది.

ఎందుకంటే ఆ ఊర్లల్ల పుట్టిన పిల్లలు ఏడో రోజో ఎనిమిదో రోజో ఉన్నట్టుండి పాలు తాగుడు బంద్ చేసేటోళ్ళు. దవడలు బిగుసుకపోతయి. ఒళ్ళు వెనక్కి విల్లు లెక్క వంగుతది. గాలి సోకింది అనేటోళ్ళు. రెండు రోజులల్ల ఖతం. అది గాలి కాదు, కొడవలి అని సుందరమ్మ ఇంటింటికి చెప్పేది.

చెప్పుడే కాదు, రాసేది. చచ్చిపోయిన ప్రతి పిల్లను రాసేది. పేరు పెట్టకముందే పోయినోళ్ళను తల్లి పేరు మీద రాసేది. ఏ రోజు పాలు మానింది, బొడ్డు దేనితోని కోసిండ్రు, మీద ఏం పెట్టిండ్రు. రిజిస్టర్ల జాగ చాలకపోతే కాగితం ముక్కలు అంటించి పంపేది. అడుగున ప్రతి నెలా ఒకటే అర్జీ: మంత్రసానులకు బ్లేడు, దారం ఉన్న డబ్బలు ఇప్పించండి అని. నిజం చెప్తున్న, ఆ అంటించిన ముక్కలు చూస్తే నాకు చికాకు. నా గళ్ళల్ల వాటికి జాగ లేకుండె.

ఇగ మిర్యాలగూడ దిక్కు సంగతి. అక్కడి రిజిస్టరు అద్దం లెక్క ఉండేది. ఒక్క కొట్టివేత లేదు. పుట్టినోళ్ళు ఇంతమంది, పోయినోళ్ళు ఒకరో ఇద్దరో, కొన్ని నెలలు అసలే లేరు. ఒకసారి రెండు నెలల మొత్తాలు కలవకపోతే, పోయి సరిచేసుకొని రమ్మని మా ఆఫీసు సారు నన్ను పంపిండు. బస్సెక్కి పోయిన. నర్సమ్మ తను కిరాయికి ఉండే ఇంట్లనే కూసోని, ఆ దారిన పోయేటోళ్ళను అడిగి రాస్తున్నది. ఊర్లల్లకు పోయేదే తక్కువ. అది చూసినా నాకేం అనిపించలే. మనుషులన్నంక బద్ధకం ఉంటది అనుకున్న.

తిరిగి వచ్చేటప్పుడు బస్సుకాడికి నడుస్తుంటే దాహమై ఒక ఊర్ల ఒక ఇంటి ముందర ఆగిన. నీళ్ళు తెచ్చిచ్చింది ఒక ముసలామె. అరుగు మీద ఆమె కోడలు కూసున్నది. చిన్నపిల్ల, పద్దెనిమిదేండ్లు ఉంటయో ఉండవో. రొమ్ములకు గుడ్డ బిగించి కట్టుకున్నది, రవిక అంతా పాలతోని తడిసి ఉన్నది. నేను చూపు తిప్పుకున్న. ముసలామెనే చెప్పింది, పిల్లగాడు పుట్టిన ఏడో రోజు గాలి సోకి పోయిండని, పాలు ఇంకా ఆగుతలేవని. ఎప్పుడని అడిగిన. మొన్న పున్నానికి అన్నది. వెనుకింట్ల గుడ గట్లనే అయిందని, ఆ ఎదురుగున్న ఇంట్ల నిరుడు ఇద్దరు పోయిండ్రని, నేను అడగకపోయినా చేత్తోని చూపిస్తున్నది.

నా సంచిల రిజిస్టరు ఉన్నది. ఆ ఊరి పేరు కాడ ఆ నెల సావుల గడిల సున్న ఉన్నది. దాన్ని నేను బస్సుల తెరిచి చూసిన. చూసి మూసిన.

అది మూసిన చెయ్యే నాదని ఇప్పటికీ అనుకుంటుంట. సూర్యాపేట వచ్చేదాక ఏం ఆలోచించిన్నో గుర్తు లేదు. ఆ గుడ్డ కట్టుకున్న పిల్ల మాత్రం గుర్తున్నది. సారుకు మొత్తాలు సరిపోయినయని చెప్పిన. అవి నిజంగనే సరిపోయినయి.

ఆ ఏడాది డబ్బలు వచ్చినయి. సుందరమ్మ అడిగినసొంటివే, బ్లేడ్లు, దారం, సబ్బు ఉన్న డబ్బలు. మూడు కేంద్రాలకు సరిపోను రాలే, ఒక్కదానికే వచ్చినయి. ఎక్కడ మంచిగ పనిచేస్తున్నరో అక్కడ ఇస్తే ఫలితం కనపడతది, పని చెయ్యనికాడ ఇస్తే మట్టిల పోసినట్టే అని మాట నడుస్తుండె. హైదరాబాదు నుంచి పెద్ద ఆఫీసరు వస్తున్నడు. ఆయన ముందర గోడకు కొట్టనీకి, మూడు కేంద్రాలను పోలుస్తూ నాలుగేండ్ల పటం గియ్యమని సారు నాకు చెప్పిండు. ఎట్ల గియ్యాలెనో చెప్పలే. ఏం రాయాలెనో చెప్పలే. సారు మంచోడు. నన్ను ఎవరూ బెదిరియ్యలే, ఎవరూ బతిమిలాడలే. ఇది మీరు గుర్తు పెట్టుకోండ్రి.

నెలరోజులు గీసిన. నా బతుకుల అంత మంచి పటం మళ్ళ గియ్యలే. మూడు రంగుల మూడు స్తంభాలు. పక్కన మూడు గీతలు, ఏటేటికి. మిర్యాలగూడ దిక్కు గీత నేలకు ఆనుకొని పోతున్నది. కోదాడ దిక్కుది మధ్యల ఊగుతున్నది. మోతె దిక్కుది ఎర్రగ, ఏటేటికి మీదికి లేస్తున్నది. దూరంగ నిలబడి చూస్తే అదొక్కటే కండ్లకు కొడతది.

ఆ గీత ఎందుకు లేస్తున్నదో నాకు తెలుసు. ఏటేటికి పెరిగింది సావులు కాదు, ఆమె నడక. మొదటి ఏడాది నాలుగు ఊర్లు తిరిగింది, తర్వాతి ఏడాది ఏడు ఊర్లు, ఆ తర్వాత మొత్తం. నడిచినకొద్దీ కనపడ్డయి, కనపడినకొద్దీ రాసింది. నాకు తెలుసు. నా బిడ్డ పుట్టిన ఇల్లు గుడ ఆమె నడిచిన ఇండ్ల లెక్కలనే ఉన్నది.

కింద ఇట్ల రాసిన: "మూడు కేంద్రాలలో మిర్యాలగూడ వైపు కేంద్రం ముందంజలో ఉన్నది. కోదాడ వైపు కేంద్రం మధ్యస్థంగా ఉన్నది. మోతె వైపు కేంద్రంలో శిశుమరణాలు మిగిలిన వాటికన్నా రెండింతలకు పైగా ఉండి, ఏటేటా పెరుగుతున్నవి. ఆ కేంద్రం పనితీరును పరిశీలించవలసి ఉన్నది."

ఇంకొక వాక్యం ఉండె. చిత్తుకాగితం మీద రాసుకున్న. రిజిస్టర్లు మూడూ ఒక్క తీరుగ రాసినవి కావు కాబట్టి ఈ పోలిక చెల్లదు అని. దాన్ని కొట్టేసిన.

ఎందుకు? పద్నాలుగేండ్లుగ అడుగుతున్న. నౌకరీ ఖాయం కావాలెనని ఉండె, నిజమే. ఆ ఖాయం చేసే కాగితం సారు దగ్గరనే ఉండె. కాని ఆ వాక్యం రాస్తే నౌకరీ పోతదని నాకు ఎవరు చెప్పిండ్రు? ఆమె మన దిక్కు మనిషి కాదు గద అని ఆఫీసుల కొందరు అంటుండె, బయటోళ్ళు వచ్చి మనకు చెప్పుడేంది అని. ఆ మాటలు నా చెవుల పడ్డయి. పడి, నాకు అక్కరకొచ్చినయి. అక్కరకు రానిచ్చిన. కాని అసలు సంగతి అదీ కాదు. ఆ ఐదో వాక్యం రాస్తే పటం చెల్లదు. గోడ మీదికి ఎక్కదు. చుట్టచుట్టి బీరువల పెడతరు. నెలరోజుల పని, మూడు రంగులు, వణకని గీత. నాకు పటం ముద్దొచ్చింది. అంతకన్నా పెద్ద కారణం దొరుకుతదేమోనని వెతికిన. దొరకలే. ఆశకో భయానికో చేసిన అని చెప్పుకునే అదృష్టం గుడ నాకు లేదు.

పెద్ద ఆఫీసరు వచ్చిండు. స్తంభాలను ఒక్కసారి చూసిండు, వాక్యాలను రెండుసార్లు చదివిండు. నా భుజం తట్టిండు. డబ్బలు మిర్యాలగూడ దిక్కు పోయినయి, బహుమానం లెక్క. సుందరమ్మను ఇంకో జిల్లాకు మార్చిండ్రు, ఆమె సర్వీసుల ఒక మచ్చ గుడ పెట్టిండ్రు.

ఆర్డరు తీసుకోనీకి ఆమె సూర్యాపేట వచ్చింది. మధ్యాహ్నం, ఆఫీసుల అందరూ తిండికి పోయిండ్రు. నేనొక్కణ్ణే ఉన్న. ఆమె పటం ముందర చానాసేపు నిలబడ్డది. కోపంగ లేదు. చెయ్యి ఎత్తి ఎర్ర స్తంభాన్ని కింది నుంచి మీదిదాక వేలితోని ముట్టింది.

"ఇది మీరే గీశారా అండీ?"

"ఔనమ్మ."

"ఎంత బాగా గీశారు." మనసుల నుంచే అన్నది, ఎత్తిపొడుపు కాదు. "ఆ పిల్లలందరినీ ఒక్కచోట నిలబెడితే ఇంత ఎత్తుంటారని నాకే తెలీదు."

నేను బల్ల మీది స్కేలును సొరుగుల పెట్టిన.

"ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకండి. మిర్యాలగూడ వైపు పిల్లలు పోరాండీ?"

"రిజిస్టర్ల ఉన్నది గీసినమ్మ. నా పని గంతే."

ఆమె నా దిక్కు తిరిగింది. "మీరు ఆ ఊళ్ళకి ఎప్పుడైనా వెళ్ళారా?"

"పోలే."

ఆమె తల ఊపింది. మెల్లగ అన్నది: "అదేలెండి. వెళ్ళుంటే మీరిలా రాసేవారు కాదు."

తర్వాత మా పాప నడుస్తున్నదా అని అడిగింది. నడుస్తున్నదని చెప్పిన. ఎండల పోయింది.

ఆమె నన్ను తిట్టి ఉంటే నేను ఇంటికి పోయి ఆమె మీద కోపం తెచ్చుకొని పండుకునేటోణ్ణి. ఆమె నన్ను మంచోణ్ణి చేసి పోయింది. తెల్వక రాసినోణ్ణి చేసి పోయింది. ఆ మంచోడు ఎవడో నాకు తెల్వదు, వాని అంగీ తొడుక్కొని నేను పద్నాలుగేండ్లు తిరిగిన.

మూడు నెలలకు నా నౌకరీ ఖాయమైంది.

సుందరమ్మ జాగల వచ్చిన నర్సమ్మకు సంగతి ఎవరో చెప్పే ఉంటరు, ఎక్కువ రాస్తే ఏమైతదో. ఆమె రిజిస్టరు గుడ అద్దం లెక్క రాసాగింది. అంటించిన ముక్కలు లేవు. ఎర్రగీత ఒక్కసారే కిందికి దిగింది, కొండ మీది నుంచి రాయి జారినట్టు. దాన్ని గుడ నేనే గీసిన. దాని కింద నేనే రాసిన: "చర్యలు తీసుకున్న తర్వాత మోతె వైపు కేంద్రంలో గణనీయమైన తగ్గుదల కనిపించుచున్నది." ఇంత తగ్గినంక ఇగ అక్కడికి డబ్బలు ఎందుకు? ఎవరూ పంపలే. ఆరేండ్లదాక పంపలే.

ఆ గీత దిగిన ఏడాదే, మా బావమరిది లింగయ్యకు కొడుకు పుట్టిండు. మా ఇంటామెకు తమ్ముడు లింగయ్య. ఆ ఊరే, ఆ ఇల్లే, నా బిడ్డ పుట్టిన అర్రనే. మా అత్త కొత్త నర్సమ్మకు కబురు పెట్టిందట, రాలేదట. కొడవలి ఉన్నది గద, మంత్రసాని ఎప్పటి లెక్కనే చేసింది. ఎనిమిదో రోజు పిల్లగాడు పాలు పట్టలే. మేం పోయేసరికి దవడలు బిగుసుకొని ఉన్నయి. చప్పుడైతే చాలు ఒళ్ళు వంగుతున్నది, అందుకని అర్రల ఎవరూ మాట్లాడలే. లింగయ్య పెండ్లాం ముత్తమ్మ పిల్లగాని పెదవుల మీద చనుబాల చుక్కలు పిండుతున్నది, అవి చెంపల మీదికి కారుతున్నయి. మా అత్త నన్ను చూసి, ఆ గుంటూరామె ఉంటే ఈ పోరడు బతికేటోడు అల్లుడా అన్నది. నేను తల ఊపిన. తల ఊపిన, అంతకన్నా ఏం చేసిన? తెల్లారి పొలం గట్టున పెట్టి వచ్చినం. గుంట తవ్వినోళ్ళల్ల నేను గుడ ఉన్న.

నెల కాగానే నకలు వచ్చింది. ఆ ఊరి పేరు వెతికిన. సావుల గడిల సున్న.

నా చేతిల పెన్సిలు ఉన్నది. ఒక గడి మీదికి చుక్క పెట్టొచ్చు. ఒక్క గడి. పెడితే, రిజిస్టర్ల లేనిది నీకెట్ల తెలుసు అని అడుగుతరు. అడిగితే చెప్పాలె, నేను చూసిన అని. చూసిన అని ఒక్కసారి చెప్తే, ఇంకా ఏమేం చూసినవ్ అని అడగరా? నా చేతులతోని మట్టేసిన పిల్లగాన్ని నేనే సున్న దగ్గర పెట్టిన. చుక్కను చుక్కను కలిపి గీత గీసిన. చెయ్యి వణకలే.

తర్వాత నాకు మేలే జరిగింది. ప్రమోషను వచ్చింది. నా పటాలను వేరే ఆఫీసులోళ్ళు వచ్చి చూసుకొని పోయిండ్రు. కొత్తగ చేరిన గుమాస్తాలకు గ్రాఫు చదువుడు నేనే నేర్పిన. మానిక, సోల మాట గుడ చెప్తుంట. వాండ్లు నవ్వుతరు, రాసుకుంటరు.

సుందరమ్మను మళ్ళొక్కసారి చూసిన. కోదాడ బస్టాండుల, నాలుగేండ్ల కింద. బెజవాడ బస్సు దిగింది. జుట్టు తెల్లబడ్డది, చేతిల ఒక రేకుపెట్టె. ఒక్కతే ఉన్నది. నాకూ ఆమెకూ నడుమ పది అడుగులు లేవు. పోయి చెప్పాలె, ఇగ చెప్పాలె అనుకుంటనే ఎదురుంగ ఉన్న చాయ హోటల్లకు పోయి, గోడ దిక్కు మొఖం చేసి కూసున్న. చాయ తెచ్చిపెట్టిండ్రు. తాగలే. బయటికి వచ్చేసరికి ఆమె లేదు. ఎక్కడుంటదో, బతికి ఉన్నదో లేదో తెల్వదు. తెలుసుకుందామని గట్టిగ ప్రయత్నం చెయ్యలే గుడ. కాదు, అసలే చెయ్యలే. ఇది రాసేటప్పుడు గుడ మెత్తగ రాయాలెనని చూస్తున్న.

నిన్న పొద్దుగాల ఇక్కడిదాక రాసి ఆపిన. మీకు చెప్పుడు సులువు, మీరు నా ఇంట్ల లేరు అనిపించింది. మా ఇంటామెకు చదువు రాదు. బియ్యం ఏరుకుంటూ కూసున్నది. పక్కన కూసోని మొదటి నుంచి చదివి వినిపించిన. మధ్యల ఒక్కసారి గుడ ఆపలే ఆమె. లింగయ్య కొడుకు కాడికి వచ్చేసరికి ఆమె చేతులు చాటల ఆగిపోయినయి.

చదువుడు అయిపోయింది. ఏడుస్తదనుకున్న, ఏడవలే. తిడతదనుకున్న, అదీ లేదు. ఆఖరుకు, ఆ పిల్లలు మొత్తం ఎంతమంది అని అడిగింది. ఆ ఆరేండ్లల్ల, ఆ ఊర్లన్నిట్ల.

ఆ కేంద్రాలల్ల ఏ సంగతి అడిగినా కాగితం చూడకుండ చెప్పినోణ్ణి నేను. నెలలవారీగ, ఏండ్లవారీగ.  

"తెల్వదు," అన్న. "ఎవ్వరూ రాయలే."

ఆమె నా మొఖం చూడలే. చాట దగ్గరికి జరుపుకున్నది.

"అయితే గదే రాయి."

ఆమె నన్ను క్షమించలే. నేను అడగలే. నిన్నటి సంది నాతోని మాట్లాడలే. కాని ఎదలోపల ఎక్కన్నో ఇన్నేండ్లు బిగిసి ఉన్నది జర వదులైనట్టున్నది, వదులైనందుకు సిగ్గు గుడ అయితున్నది. ఎంతమంది పోయిండ్రో నాకు తెల్వదు. తెల్వకుండ చేసినోళ్ళల్ల నేను ఒకణ్ణి. సుందరమ్మ అడిగిన ఆ ఊర్లకు నేను పోయిన. చూసిన. తెలిసే రాసిన.